కారుతున్న కప్పుకి ఫాల్స్ సీలింగ్ మార్చారు: సాంటో డొమింగో జెట్ సెట్ కేసు

2025 ఏప్రిల్ 7, సోమవారం రాత్రి. కరీబియన్ సముద్రంలో ఒక దీవి మీదున్న దేశం డొమినికన్ రిపబ్లిక్, దాని రాజధాని సాంటో డొమింగోలో జెట్ సెట్ అనే నైట్ క్లబ్బు కిటకిటలాడుతోంది. ఆ దేశంలో మెరెంగే అంటే మనకి సినిమా పాట లాంటిది, ఆ మెరెంగే పాడేవాళ్లలో పెద్ద పేరున్న రూబీ పెరెస్ స్టేజి మీద ఉన్నారు, వయసు 69. అర్ధరాత్రి దాటి 12 గంటల 44 నిమిషాలకి హాలు కప్పు మొత్తం జనం మీద పడిపోయింది. 236 మంది చనిపోయారు. పాడుతున్న ఆయన కూడా పోయారు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఎన్నో జట్లకి బంతి విసిరిన ఒక్తావియో డొతెల్‌ని శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటికి తీశారు గానీ ఆసుపత్రికి చేరేలోపే పోయారు. మోంతే క్రిస్తి రాష్ట్ర గవర్నర్ నెల్సీ క్రూజ్ ఆ రాళ్ల కింద నుంచే దేశాధ్యక్షుడు అబినదేర్‌కి ఫోన్ చేసి కప్పు కూలింది, ఇరుక్కుపోయాం అని చెప్పారు, తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు.

ఆ రాత్రి భూకంపం లేదు. తుఫాను లేదు, పేలుడు లేదు, పక్కన తవ్వకాలు లేవు. ఏళ్ల తరబడి నిలబడి ఉన్న కప్పు తన బరువూ తన మీద పెట్టిన బరువూ మోయలేక పడింది, అంతే.

నేను విశాఖపట్నంలో పాత భవనాలకి స్ట్రక్చరల్ ఆడిట్, అంటే వాటి బలం ఎంత మిగిలిందో తనిఖీ, చేస్తాను, 19 ఏళ్లుగా ఇదే పని. ఈ కేసు మొదటిరోజు నుంచీ వదలకుండా చదువుతున్నాను, ఎందుకంటే ఇందులో నాకు కొత్తగా అనిపించింది చావుల సంఖ్య ఒక్కటే, మిగతాదంతా నేను వారం వారం చూసేదే. రాస్తున్నది యజమాని తప్పొప్పుల గురించి కాదు, అది కోర్టు తేలుస్తుంది. ఒక సమాజం తన ఇళ్లనీ హాళ్లనీ ఎలా చూస్తుంది, దేనికి భయపడుతుంది, దేన్ని నమ్ముతుంది, అది చివరికి ఒక స్లాబు దగ్గరికి ఎలా వచ్చి చేరుతుంది అన్నది నా విషయం.

ముందు భవనం సంగతి. జెట్ సెట్ 1973లో మొదలైన క్లబ్బు. 1994లో ఇప్పుడు కూలిన చోటికి మారింది, అది అంతకుముందు సినిమా హాలు. ఈ ఒక్క ముక్క దగ్గరే నాలాంటివాళ్లు ఆగిపోతారు. సినిమా హాలంటే మధ్యలో పిల్లర్లు ఉండవు, తెర కనపడాలి కదా, కాబట్టి కప్పు ఒక గోడ నుంచి ఇంకో గోడకి ఒకే దూకులో వెళ్లాలి. మన ఇంట్లో గది మీద స్లాబు పగిలితే బరువు పక్క బీముకో గోడకో పంచుకుంటుంది, కొంత సాగుతుంది, మనకి కొంత టైము ఇస్తుంది. పెద్ద హాలులో ఒక బీము చేతులెత్తేస్తే పక్కవాటికి ఆ భారం మోసే శక్తి మిగలకపోవచ్చు. జెట్ సెట్‌లో కప్పు మొత్తం క్షణాల్లో రావడం అందుకేనని నా అంచనా. పైగా ఆ కప్పు వేసినప్పుడు దాని మీద ఎండా వానా తప్ప ఇంకేం ఉంటుందని లెక్క కట్టి ఉంటారు? సినిమా హాలు కప్పెక్కి ఎవరూ తిరగరు.

తర్వాత దాని మీదికి ఏం చేరాయో యజమానే టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు, ప్రమాదం జరిగిన రెండు వారాలకి. కప్పు మీద 6 ఏసీ యూనిట్లు. కప్పుకి ఆనుకుని ఉన్న గదిలో 3 జనరేటర్లు. లీకేజీ ఎప్పుడూ ఉండేది, లోపల ఫాల్స్ సీలింగ్ జిప్సం పలకలు ఊడి పడుతూనే ఉండేవి, పడ్డప్పుడల్లా కొత్తవి పెట్టేవాళ్లం, ఆ సోమవారం కూడా మార్చాం అని చెప్పారు. కప్పుని గానీ పలకల్ని గానీ ఎప్పుడైనా తనిఖీ చేయించారా అంటే, లేదు. ఈ మధ్యలో 2023లో పిడుగు పడి అక్కడ అగ్నిప్రమాదం కూడా జరిగింది. ఆ రోజు సాయంత్రం ప్రోగ్రాం ఆపేద్దామని తాను చెప్పానని క్లబ్బు ఉద్యోగి ఒకరు మీడియాతో అన్నారు. పాట సాగుతుండగా ఒకరు పైకప్పు వైపు వేలు చూపిస్తున్న ఫోన్ వీడియో కూడా బయటికొచ్చింది.

జూన్‌లో యజమానినీ ఆయన సోదరినీ అరెస్టు చేశారు, ఇద్దరికీ చెరో 5 కోట్ల పెసోల పూచీ మీద బెయిలిచ్చారు. కప్పు మీద అదనపు బరువులు పేరుకున్నా పట్టించుకోలేదన్నది ప్రాసిక్యూటర్ల వాదనలో ముఖ్యమైన మాట.

ఇప్పుడు ఆ ఊళ్లో వాడే మాటలు కొన్ని చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం ఆ మాటల్లోనే ఉంది. అక్కడ ఇంటి స్లాబుని ప్లాతో అంటారు, అంటే పళ్లెం. స్లాబు వేయడం అంటే పళ్లెం పోయడం. పేదవాడి ఇల్లు చెక్కలతో, రేకులతో మొదలవుతుంది, కొంత డబ్బు చేతికొస్తే గోడలు సిమెంటు బ్లాకులవుతాయి, ఇంకా కొన్నేళ్లకి, చాలాసార్లు న్యూయార్క్‌లో ఉన్న కొడుకో చెల్లెలో పంపిన డబ్బుతో, రేకులు తీసేసి ప్లాతో పోస్తారు. ఆ రోజు వీధిలోవాళ్లు వచ్చి బకెట్లు అందిస్తారు, పెద్ద గిన్నెలో వంట ఉంటుంది. మన దగ్గర స్లాబు వేసిన రోజు మేస్త్రీకీ కూలీలకీ మాంసం భోజనం పెట్టినట్టే. ఆ రోజుతో ఇల్లు గెలిచినట్టు. పైన పిల్లర్ చువ్వలు మూరెడు ఎత్తు అలాగే వదిలేస్తారు, రేపు రెండో అంతస్తు వేయాలి కదా. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊళ్లోనైనా ఆ చువ్వలు చూస్తాం కాబట్టి ఇది ఎవరికీ వివరించనక్కర్లేదు. సముద్రపు గాలికి ఆ చువ్వలు తుప్పు పట్టి, తుప్పు కిందికి పిల్లర్‌లోకి దిగుతుందని మాత్రం అక్కడా ఇక్కడా చెప్పాల్సి వస్తుంది.

ఈ పళ్లెం మీద అంత నమ్మకం ఎందుకు? నాకు అర్థమైనంతలో దీనికి జవాబు 1930లో ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 3న సాన్ సెనోన్ అనే తుఫాను సాంటో డొమింగోని తుడిచిపెట్టింది, వేల మంది చనిపోయారు, చెక్క ఇళ్లూ రేకుల కప్పులూ గాలికి ఎగిరిపోయాయి. గద్దెనెక్కి 3 వారాలు కూడా కాని త్రుహియో అనే నియంత ఊరిని తిరిగి కట్టించి, 1936లో ఊరికి తన పేరే పెట్టుకున్నాడు. మళ్లీ 1979 ఆగస్టు 31న డేవిడ్ తుఫాను. ప్రతిసారీ జనం కళ్లతో చూసింది ఒక్కటే, రేకు ఎగిరిపోయింది, కాంక్రీటు నిలబడింది. ఆ దేశంలో బామ్మ దగ్గర్నుంచి మనవడి దాకా ప్రతివాళ్లకీ తెలిసిన భద్రతా పాఠం ఇదే. తుఫాను వస్తోందంటే చుట్టుపక్కల ఎవరింటికి ప్లాతో ఉందో ఆ ఇంట్లోకి అందరూ చేరతారు.

అందుకే డొమినికన్లు అజాగ్రత్త మనుషులు అనే మాట నేను ఒప్పుకోను. ఆ మాట ఈ ప్రమాదం తర్వాత బయటివాళ్లూ అన్నారు, డొమినికన్లే తమ మీద తాము కోపంతో అనుకున్నారు. తుఫాను హెచ్చరికకి రంగులు ఉంటాయి అక్కడ, పచ్చ, పసుపు, ఎరుపు, ఏ రాష్ట్రానికి ఏ రంగు ఇచ్చారో వీధి కొట్టు దగ్గర పిల్లలు కూడా చెప్తారు. కిటికీలకి చెక్కలు కొట్టుకుంటారు, నీళ్లు పట్టుకుంటారు, కొవ్వొత్తులు తెచ్చుకుంటారు. తమ అనుభవం నేర్పిన ప్రమాదం విషయంలో వాళ్లు చాలా జాగ్రత్తపరులు. కాంక్రీటు కప్పు ఆ అనుభవంలో ఎప్పుడూ కాపాడేదే. మనల్ని కాపాడినదాన్ని అనుమానించాలంటే మనసు రాదు. అమ్మని అనుమానించినట్టు ఉంటుంది.

విశాఖలో ఇది నాకు బాగా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సముద్రం ఒడ్డునున్న పాత అపార్ట్‌మెంట్లు నిలబడ్డాయి. తర్వాత వాటికి ఆడిట్ చేయాలని వెళ్తే అసోసియేషన్ పెద్దలు చాలామంది ఒకటే మాట, "హుద్‌హుద్‌కే ఏమీ కాలేదండీ, ఇప్పుడేం అవుతుంది" అని. గాలి పక్క నుంచి తోస్తుంది, బరువైన కాంక్రీటు భవనానికి అది పెద్ద పరీక్షే కాదు. తుప్పు లోపల నుంచి తింటుంది. ఒక పరీక్షలో పాసైనవాడికి రెండోదానికి కూడా మార్కులు వేసేస్తున్నారు.

డొమినికన్ రిపబ్లిక్‌కి ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది వాళ్ల నోట అంతగా నానదు. ఆ దీవి రెండు పెద్ద ఫాల్టుల, అంటే భూకంపాలు పుట్టే నేల పగుళ్ల, మధ్య ఉంది. 1946 ఆగస్టులో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. 2003 సెప్టెంబర్ 22న ఉత్తర తీరంలో పుయెర్తో ప్లాతా దగ్గర 6.4 తీవ్రతతో ఇంకోటి వచ్చింది, బడి భవనాలు కూలాయి, అప్పుడు టైము రాత్రి 12 గంటల 45 నిమిషాలు కాబట్టి లోపల పిల్లలు లేరు. జెట్ సెట్ కూలిన టైముకి దీనికీ ఒక్క నిమిషం తేడా. ఒకే గడియారం, ఒకసారి బడి ఖాళీగా ఉంది, ఇంకోసారి క్లబ్బు నిండుగా ఉంది. ఖాళీ బడి కూలితే అది వార్త అవుతుంది, ఇంటింటి భయం కాదు. ఆ భయం రానిచోట తనిఖీ అనే అలవాటు పుట్టదు, నేను చూసినంతలో ఏ దేశంలోనూ పుట్టలేదు.

చట్టం సంగతికి వస్తే, అక్కడ చట్టం లేకపోలేదు. భవనాలకి భూకంప నిబంధనలు 1979 నుంచీ ఉన్నాయి, 2011లో వాటిని పూర్తిగా కొత్తగా రాశారు. ఒనెస్వియే అనే జాతీయ కార్యాలయం ఉంది, భవనాలు భూకంపానికి ఎంత తట్టుకుంటాయో చూడటమే దాని పని. 2021లో గృహ నిర్మాణానికి ప్రత్యేకంగా మంత్రిత్వ శాఖ కూడా పెట్టారు. వీటన్నిటి చూపూ కట్టేటప్పటి మీదే. ప్లాను, అనుమతి, సంతకం, ముద్ర. కట్టడం అయిపోయాక ప్రైవేటు భవనం లోపలికి వెళ్లి ఏడాదికోసారో పదేళ్లకోసారో చూసే అధికారం, బాధ్యత ఈ ప్రమాదం నాటికి ఎవరికీ స్పష్టంగా లేవు. ప్రమాదం తర్వాత ఆ మంత్రీ, ఒనెస్వియే అధిపతీ ఈ మాటే చెప్పారు, ప్రైవేటు భవనాల తనిఖీకి నిబంధనలు లేవు, చట్టం తయారుచేస్తున్నాం అని.

నాకు ఇక్కడ కోపం వస్తుంది, దాచుకోను. పుట్టినప్పుడు ఒక టీకా వేసి, ఆ తర్వాత మనిషి చచ్చేదాకా డాక్టరు మొహం చూడక్కర్లేదు అన్నట్టుంది ఇది. సినిమా హాలుకి ఇచ్చిన అనుమతి మీద క్లబ్బు నడిచింది అనుకుందాం, మరి వాడకం మారినప్పుడు బరువులు మారతాయి కదా, అది ఎవరు చూడాలి? మయామీలో 1974లో ప్రభుత్వ ఆఫీసు ఉన్న ఒక భవనం కూలి 7 మంది పోతే, ఆ మరుసటేడాది నుంచి 40 ఏళ్లు దాటిన భవనాలకి తప్పనిసరి తనిఖీ పెట్టారు. అక్కడే 2021 జూన్ 24న సర్ఫ్‌సైడ్‌లో అపార్ట్‌మెంటు కూలి 98 మంది చనిపోయాక ఆ 40ని 30కి దించారు, ఒడ్డు దగ్గరయితే ఇంకా తక్కువ. సర్ఫ్‌సైడ్‌లో తనిఖీ నియమం ఉంది, రిపోర్టు ఉంది, డబ్బు ఎవరు కట్టాలన్న దగ్గర ఆగింది. అంటే చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజమే. కానీ అక్కడ కనీసం ఆ భవనానికి జబ్బుందని కాగితం మీద రాసి ఉంది. సాంటో డొమింగోలో ఆ కాగితమే లేదు.

ఇంకో మాట, మాంతెనిమియెంతో. మెయింటెనెన్స్‌కి స్పానిష్ అన్నమాట. డొమినికన్ అపార్ట్‌మెంట్లలో ఆ మాటకి అర్థం నెలనెలా కట్టే డబ్బు. దేనికి? కరెంటు పోతే నడిచే జనరేటర్‌కి డీజిలు, లిఫ్టు, వాచ్‌మన్, మెట్లు తుడిచేవాళ్లు, తోట. హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ "మెయింటెనెన్స్ ఎంత?" అని అడిగితే మనం చెప్పేదీ అదే లెక్క. భవనం అస్థిపంజరానికి ఆ డబ్బులో ఒక్క రూపాయి లేదు. రెండు దేశాలు, రెండు భాషలు, అదే మాట అదే విధంగా అరిగిపోయింది. పిల్లర్లకీ బీములకీ స్లాబుకీ ఖర్చు అనేది ఉంటుందని జనానికి తట్టనే తట్టదు, ఎందుకంటే అవి వాళ్ల దృష్టిలో భూమిలాంటివి, ఉంటాయి అంతే. భూమికి ఎవరైనా రిపేరు చేస్తారా?

కప్పుల మీద బరువు ఎలా పెరుగుతుందో ఇప్పుడు చెప్తాను, కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. అక్కడ స్లాబు మీద నీళ్లు నిలవకుండా వాటం ఇస్తూ వేసే సిమెంటు ఇసుక పొరని ఫీనో అంటారు. మన దగ్గర పాత రోజుల్లో సున్నం, ఇటుక ముక్కలతో వేసేవాళ్లు, ఇప్పుడు వాటర్‌ప్రూఫింగ్ అని రకరకాలుగా వేస్తారు. కప్పు కారుతుంది. మేస్త్రీని పిలుస్తారు. పాత పొర కొట్టి తీయాలంటే కూలి ఎక్కువ, చెత్త దించాలి, దుమ్ము, శబ్దం, వ్యాపారం ఆపాలి. అందుకని దాని మీదే ఇంకో పొర. 4 ఏళ్లకి మళ్లీ కారుతుంది, మళ్లీ పొర. ఆ పొరలో 1 సెంటీమీటరు మందం అంటే చదరపు మీటరుకి సుమారు 20 కిలోలు. 5 సెంటీమీటర్లు అంటే 100 కిలోలు. మనిషి తిరగని కప్పుకి మన దేశంలో భవన నిర్మాణ కోడ్ ప్రకారం లెక్కలో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 75 కిలోలు, తిరిగే కప్పుకి సుమారు 150. అంటే బాగు చేశాం అనుకున్న రెండు మూడు సార్లతోనే కప్పుకి దాచిపెట్టిన శక్తి మొత్తం తినేయొచ్చు. ఎవరూ చెడ్డ పని చేయలేదు. ప్రతి ఒక్కరూ రిపేరే చేశారు.

దానికి తోడు కరెంటు, నీళ్లు. డొమినికన్ రిపబ్లిక్‌లో కరెంటు కోతలు దశాబ్దాలుగా ఉన్న బాధ, పైపు నీళ్లు కూడా నమ్మకంగా రావు. కాబట్టి ప్రతి ఇంటి మీదా తినాకో, అంటే నీళ్ల ట్యాంకు, ప్రతి వ్యాపారానికీ జనరేటరు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే 1 టన్ను, అది రోజూ నిండి ఖాళీ అవుతుంది. ఏసీ యూనిటు బరువుకి తోడు వణుకుతుంది, దాని కాళ్ల కింద బోల్టులు స్లాబు పైపొరని చీలుస్తాయి, ఆ చీలికలో నీళ్లు దిగుతాయి, దాని డ్రెయిన్ పైపు అక్కడే కారుతుంది. సర్కారు ఇవ్వాల్సిన నీళ్లూ కరెంటూ ఇవ్వలేకపోతే ఆ లోటుని ఇంటి కప్పు మోస్తుంది. సంస్కృతి సంస్కృతి అని జనం మీద నెట్టేసేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి, గతిలేక చేసుకున్న ఏర్పాటుకి అలవాటు అని పేరు పెట్టకూడదు.

లోపలికి దిగిన నీరు ఇనుముని తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఇనుము కంటే చాలా చోటు తీసుకుంటుంది, ఉబ్బి కాంక్రీటుని కింద నుంచి పెచ్చులుగా ఊడగొడుతుంది. సముద్రం దగ్గరయితే ఉప్పు వల్ల ఇదంతా ఇంకా తొందరగా. ఆ పెచ్చులు మామూలు ఇంట్లో అయితే మంచం మీద పడతాయి, చువ్వ బయటికి కనిపిస్తుంది, అమ్మో అని ఎవరినో పిలుస్తాం. హాలులో కింద ఫాల్స్ సీలింగ్ ఉంటుంది. అది పెచ్చుల్ని పట్టుకుంటుంది, తడిసి ఒక పలక ఊడుతుంది, పలక మారుస్తారు. బీము వంగడం, అడుగున బీట రావడం, అవన్నీ ఆ తెల్లటి పలకల వెనకే జరిగిపోతాయి. నా ఉద్యోగంలో నేను ద్వేషించే వస్తువు ఒకటుందంటే తనిఖీకి తలుపు లేని ఫాల్స్ సీలింగ్.

లీకేజీని అక్కడ ఫిల్త్రసియోన్ అంటారు. ఆ మాట వినగానే ఇల్లాలికి గోడ మరక గుర్తొస్తుంది, యజమానికి పెయింటు ఖర్చు గుర్తొస్తుంది, కస్టమర్‌కి తడిసిన టేబుల్ గుర్తొస్తుంది. మన దగ్గర కూడా "ఇల్లు కురుస్తోంది" అంటే గిన్నె పెట్టుకోవడమే. నీరు పైనుంచి కిందికి వచ్చిందంటే మధ్యలో ఉన్న కాంక్రీటునీ ఇనుమునీ దాటుకుని వచ్చింది. అది ఏం చూసి వచ్చిందో అడగాలి కదా. జెట్ సెట్‌లో ఏళ్ల తరబడి ఆ నీరు వస్తూనే ఉంది, ప్రతిసారీ జవాబుగా కొత్త జిప్సం పలక ఇచ్చారు. నేను ఆ యజమానిని రాక్షసుడిగా చూడలేకపోతున్నాను, నా దగ్గరికి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది అదే పని చేసి వస్తారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకి ఈ మాట ఎంత చేదుగా ఉంటుందో తెలుసు, వాళ్లు యజమానినే గాక ప్రభుత్వాన్నీ నగరపాలక సంస్థనీ కూడా కోర్టుకి లాగారు, లాగాలి కూడా.

సీదియోస్ కియెరే అనే మాట అక్కడ ప్రతి వాక్యం చివరా వస్తుంది, దేవుడి దయ ఉంటే అని. దీన్ని పట్టుకుని వీళ్లది విధిని నమ్ముకునే మనస్తత్వం అని రాసిన వ్యాసాలు చదివాను. నాకది నమ్మబుద్ధి కాలేదు. మా అమ్మ కూడా "దేవుడున్నాడు" అంటూనే గ్యాసు రెగ్యులేటర్ రోజూ రెండుసార్లు కట్టి చూస్తుంది, ఎవరో చూపించారు కాబట్టి, చేతికి పని ఉంది కాబట్టి. కప్పు విషయంలో జనం చేతికి మనం ఏ పనీ ఇవ్వలేదు. ఏం చూడాలో, ఎవరిని పిలవాలో, ఎంత అవుతుందో చెప్పలేదు. ఇంజనీర్లం మేం కూడా కట్టే పనికే వెళ్తాం, అందులోనే డబ్బూ పేరూ. పాత కప్పు మీద సుత్తి పట్టుకుని తిరిగేవాడికి గౌరవం తక్కువ, ఇక్కడా అక్కడా.

నియమం పాటించడం అంటే జరిమానా తప్పించుకోవడం అన్న భావన కూడా ఉంది, అది కాదనను. ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల మరణాలు ప్రపంచంలోనే ఎక్కువగా ఉండేవాటిలో ఒకటి, హెల్మెట్ చేతికి తగిలించుకుని పోలీసు కనిపిస్తే తలకి ఎక్కించుకోవడం మనకీ తెలిసిన విద్యే. భవనాల్లో ఈ భావన ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే హెల్మెట్ పెట్టుకోనివాడికి తగిలేది ముఖ్యంగా వాడికే. హాలు యజమాని చూడని బీము కింద తలలు వేరేవాళ్లవి.

ఈ కేసు నా పని మార్చింది. 2025 మే నెలలో ఉత్తరాంధ్రలో ఒక పట్టణం నుంచి పిలుపొచ్చింది, పేరు చెప్పను. ఒకప్పటి సినిమా హాలు, ఇప్పుడు కల్యాణ మండపం. మండపం యజమాని పెద్దాయన, మర్యాదస్థుడు, కాఫీ ఇచ్చి కొత్త ఫాల్స్ సీలింగ్ చూపించారు, లైట్లు వేసి మరీ చూపించారు.

"పైన కొంచెం చెమ్మ వస్తోందండీ ఇంజనీరు గారూ, ఏ కెమికల్ కొట్టమంటారో రాసివ్వండి, శ్రావణంలో ముహూర్తాలున్నాయి" అన్నారు.

"ముందు పైకి వెళ్దామండీ" అన్నాను.

ఇంతకుముందయితే నేనూ ముందు లోపలి మరకలే చూసేవాణ్ని, ఒప్పుకుంటున్నాను. 2016లో ఒక హాలుకి అలాగే కింద నుంచి చూసి, బీము పెచ్చులకి మరమ్మతు రాసిచ్చి, పైన ఎన్ని పొరలున్నాయో కొలవకుండా వచ్చేశాను. ఆ హాలుకి ఏమీ కాలేదు, కానీ జెట్ సెట్ వార్త చదివిన రాత్రి నాకు గుర్తొచ్చింది అదే, మర్నాడు టెన్షన్‌తో ఫోన్ చేసి మళ్లీ వెళ్లి కొలిచి వచ్చాను.

పెద్దాయన మండపం కప్పు మీద 2 నీళ్ల ట్యాంకులు, ఏసీల వరస, మూలన పాత జనరేటరు, వాడటం లేదు గానీ దించలేదు. మేస్త్రీ చేత 4 చోట్ల గుంట కొట్టించాను. స్లాబు తగలడానికి ముందు 5 పొరలు వచ్చాయి, ఎరుపు, తెలుపు, మధ్యలో తారు, మళ్లీ సిమెంటు, పైన టైల్స్. "ఒక్కోటి ఒక్కో కాంట్రాక్టరు వేసింది సార్, అడుగుది మా నాన్న చేతి పని" అన్నాడు మేస్త్రీ. మొదట ఉండాల్సిన దానికంటే సగటున 9 సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. హాలు 12 మీటర్లు, 24 మీటర్లు. లెక్క కడితే 50 టన్నులు దాటింది. లోపల సీలింగ్ పలకలు నాలుగు తీయించి నిచ్చెనెక్కితే, రెండు బీముల అడుగున పొడుగ్గా బీటలు, వాటి అంచున తుప్పు రంగు మరక.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఇన్నాళ్లూ నిలబడింది కదండీ" అన్నారు చివరికి. నేను ఫోన్లో సాంటో డొమింగో ఫొటో చూపించాను, పైనుంచి తీసింది, నాలుగు వైపులా గోడలు నిలబడే ఉన్నాయి, మధ్యలో కప్పు లేదు. అది కూడా ఇన్నాళ్లూ నిలబడిందండీ, అది కూడా ముందు సినిమా హాలే అని చెప్పాను. ఎంతమంది అని అడిగారు. చెప్పాను. కుర్చీలో కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నారు.

శ్రావణం ముహూర్తాలు వదులుకున్నారు, అడ్వాన్సులు వెనక్కిచ్చారు. బీముల కింద జాకీలు పెట్టి, పైన ట్యాంకులూ జనరేటరూ దించి, పొరలన్నీ చేత్తోనే కొట్టించాం, మెషీన్ పెడితే అదిరి బీటలు పెరుగుతాయని. ఒక చివర నుంచి గుట్టలు పోయకుండా ఎప్పటికప్పుడు దించుతూ 23 రోజులు పట్టింది. ఆ చెత్త 18 ట్రాక్టర్లు అయింది. బరువు దిగాక మధ్య బీము 6 మిల్లీమీటర్లు పైకి లేచింది, సన్నటి కదలిక కొలిచే డయల్ గేజీలో చూసి పెద్దాయనని పిలిచి చూపించాను.

ఇప్పుడు ఆ మండపం సీలింగ్‌లో ప్రతి బీము కింద ఒక తలుపు ఉంది, మనిషి తల పట్టేంత. తాళంచెవులు వాచ్‌మన్ దగ్గరున్నాయి. వానాకాలం ముందోసారి, తర్వాతోసారి అతను టార్చి వేసి చూసి నాకు ఫొటోలు పంపుతాడు.